లింబాద్రి, ఎడమ బుగ్గ, బనియాస్

పోశయ్య మామ మనిషిని చూస్తే నమస్తే అనడు, సలాం అనడు, తిన్నావా అని అడగడు. ముందు మొహం మీది చర్మం చూస్తాడు. చూసి ఊరుకుంటే బాగుండేది. తీర్పు కూడా చెప్తాడు. డ్రైవరు కాబట్టి ఆ తీర్పులన్నీ రోడ్ల భాషలోనే ఉంటాయి.

సూట్‌కేసు ఈడ్చుకుంటూ నేను అబుదాబి శివార్లలోని బనియాస్‌లో ఆ రూముకి మొదటిసారి వెళ్లినప్పుడు తలుపు తీసింది ఆయనే. తీసి, దారివ్వకుండా అడ్డంగా నిలబడి, ఫోన్ టార్చి నా నుదుటి మీద వేశాడు.

"ఏంరా పోరడా, నీ నొసలు లారీలు తిరిగి గుంతలు వడ్డ ఘువైఫాత్ రోడ్డు లెక్కున్నది?"

"నా పేరు రమీజ్, మామా. నెల్లూరు."

"పేరు తర్వాత. ఇంటికొచ్చినంక మొహం కడుగుతవా, కడగవా?"

కడుగుతానని ఒట్టేశాకే లోపలికి రానిచ్చాడు.

ఆయన అబుదాబిలో ఒక చర్మం క్లినిక్కులో డ్రైవరు. ఎయిర్‌పోర్టు నుంచి మందులున్న చల్లటి డబ్బాలు తేవడం, డాక్టర్ ఉమాదేవి గారిని ఇంటి నుంచి తెచ్చి మళ్లీ దింపడం ఆయన పని. ఆవిడ వెనక సీట్లో ఫోన్లో మాట్లాడేదాంట్లో సగం వింటాడు. మిగతా సగం సొంతంగా కడతాడు. రెండూ కలిపి తెచ్చి మా మీద పోస్తాడు. మా రూమ్మేటు సనావుల్లా భాయ్‌ది కడప. ఆయన ముక్కు మీద స్పీడు బ్రేకర్లున్నాయి. కింద కిరాణా షాపు మలయాళీ గడ్డం దగ్గర రౌండెబౌటు. ఒకసారి సిగ్నల్ దాటాడని పోలీసాయన ఆపి లైసెన్సు అడిగితే మామ కిటికీలోంచి తల బయటపెట్టి "సార్, సన్‌స్క్రీన్ లగావ్" అన్నాడట. జరిమానా పడింది. కానీ ఆ పోలీసాయన వెళ్లేముందు క్రీము పేరు అడిగాడని మామ ఇప్పటికీ వాదిస్తాడు.

అన్నిటికన్నా ఆయనకి ఇష్టమైన సబ్జెక్టు ఎక్సోసోములు. ఎవరూ అడక్కపోయినా చెప్పేవాడు.

"ఊరికి ఎవడన్నా పోతుండంటే మనమేం జేస్తం?"

"పొట్లాలిస్తాం," అన్నాను.

"ఆఁ! మనం పోతమా? పోము. పొట్లం పోతది. మీద పేరుంటది, లోపట సామానుంటది, ఒక చిట్టీ ఉంటది. ఎక్సోసోమంటే గదే. ఒంట్ల ఉన్న కణం ఉన్నకాడ్నే ఉంటది. గింత సంచి గట్టి పక్క కణానికి పంపుతది. ఎంట్రుక మందంల గసువంటియి వందలు పడతయి."

"అంత చిన్నదాంట్లో ఏముంటాది మామా?"

"ప్రొటీన్లుంటయి, చిట్టీలుంటయి. 'ఓ తమ్మీ, పండుకున్నది చాలు, లేసి కొల్లాజెన్ తయారు జెయ్యి, మంట తగ్గియ్యి, దెబ్బ తాకినకాడ మంచిగ పూడ్చు' అని ఉంటది."

సనావుల్లా భాయ్ చపాతీ పిండి పిసుకుతూ అడిగాడు. "కొల్లాజెన్ అంటే ఏందప్పా?"

"స్లాబుల ఇనుప సలాకలు తీసేస్తే ఏమైతది?"

"కూలిపోతాది."

"గట్ల కూలిందే నీ మొహం. చర్మం లోపలి సలాకలే కొల్లాజెన్."

"మరి బజార్లో తెచ్చి పూసుకుంటే సరిపోదా?"

"ఉత్తగ పూస్తే లోపటికెట్ల పోతది? సన్నసన్న సూదులతోని తొవ్వలు జేసి, మీద పోస్తరు. ఒంట్లకు ఇంజెక్షన్ మాత్రం ఇయ్యొద్దట. డాక్టరమ్మ ఫోన్ల ఎవన్నో గట్టిగనే తిట్టింది."

పొట్లాల మాట వచ్చింది కాబట్టి మా రూము కట్టుబాటు కూడా చెప్పాలి. ఎవరైనా పొట్లం చేతికిస్తే కాదనకూడదు. మధ్యలో విప్పకూడదు. ఎవరి పేరుంటే వాళ్ల చేతికే ఇవ్వాలి. పేరున్నవాడు వద్దనకూడదు. అలిగి మాటల్లేని ఇద్దరి మధ్య కూడా పొట్లం మాత్రం నడుస్తుంది. ఒకసారి సనావుల్లా భాయ్ తన సంచిలో బట్టలు తీసేసి మరీ ఎవరి అత్తగారికో ప్రెషర్ కుక్కర్ మోసుకెళ్లాడు.

ఇన్ని ప్రసంగాల్లోనూ నవ్వని మనిషి మా రూములో ఒకడుండేవాడు. లింబాద్రి. జగిత్యాల దగ్గర పల్లె. మేడల మీద నీళ్లు దిగకుండా తారు వేసే పని. ఒకరోజు మరిగే తారు చింది ఎడమ బుగ్గ మీద పడింది. పుండు మానింది కానీ బుగ్గంతా ఎర్రగా, గుంతలు గుంతలుగా మిగిలింది. అప్పట్లో కరోనా కాబట్టి మాస్కు కాపాడింది. ఇరవై రెండులో దేశమంతా మాస్కులు తీసి పారేసింది. లింబాద్రి తియ్యలేదు. భోజనం కూడా గోడవైపు తిరిగి తినేవాడు.

ఊళ్లో భార్య చంద్రవ్వ, కూతురు మంజుల. వీడియో కాల్ వస్తే ఫోను పైకెత్తి పట్టుకునేవాడు. తెరమీద ఏసీ కనపడేది. ఆ పిల్ల బుద్ధి తెలిసినప్పటి నుంచీ ఏసీతోనే మాట్లాడుతోంది. "నాయినా, నీ మొహం మీదికెల్లి నీళ్లు కారుతున్నయి" అందోసారి. ఏసీ పైపు లీకు.

లింబాద్రికి లీవు వచ్చింది. ముదీరు, అంటే కంపెనీ మేనేజరు, టికెట్ తీసుకోమంటే, "ఈయేడు గూడ వద్దు సార్" అన్నాడు. ఆ మాట విన్నరోజు పోశయ్య మామ అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదు.

"ఈసారి వీడు ఊరికి పోతడు," అన్నాడు నాతో, మెట్లమీద. "మాస్కు ఇడిసి పోతడు. సూస్కో."

నేను అప్పటికే ఇంకో పనిలో ఉన్నాను. నాది మొబైల్ రిపేరు. యూట్యూబ్ చూసి నేర్చుకున్నాను కాబట్టి ఫోన్లతో పాటు కొంటెపనులూ బాగా వచ్చు. ఒక చిన్న గాజు సీసాలో సనావుల్లా భాయ్ బిర్యానీలో వేసే కేవ్డా నీళ్లు పోసి, కొరియా బొమ్మలున్న స్టిక్కరు అంటించి, "ఎక్సోసోములు, మామా. షాపుకొచ్చిన కస్టమరు ఇచ్చాడు" అని ఇచ్చాను. దానికి ముందే ఆయన ఫోను కెమెరాలో మొహాన్ని నున్నగా చేసే ఫిల్టరు పెట్టాను.

మామ పూసుకుని, ఫోన్లో చూసుకుని, కెవ్వుమన్నాడు.

"నా ముప్పయ్యేండ్ల మొహం వాపసొచ్చింది రా!"

బిల్డింగంతా తిరిగి చూపించాడు. ఆయన వెనక మూడు పిల్లులు. లిఫ్టులో ఎవరో పాకిస్తానీ "భాయ్, బిర్యానీ కౌన్‌సే ఫ్లాట్ మే?" అన్నాడు. సనావుల్లా భాయ్ ఒక్కసారి వాసన చూసి నేలమీద కూలబడి నవ్వాడు. మామకి సీసా సంగతీ, ఫిల్టరు సంగతీ తెలిసిపోయాయి. కొడతాడనుకుని నేను బాత్రూములోకి దూరి గడియ పెట్టుకున్నాను.

తలుపు మీద నెమ్మదిగా తట్టాడు. "రమీజూ, గీ ఫిల్టరు వీడియో కాల్ల గూడ పనిచేస్తదా?"

"చేస్తాది మామా. ఎందుకు?"

"లింబాద్రి ఫోన్ల పెట్టు."

పెట్టాను. లింబాద్రి చాలా బతిమాలించుకుని, ఆ రోజు మొదటిసారి ఏసీని వదిలి తన మొహం చూపించాడు. బుగ్గ నున్నగా, పింగాణీ గిన్నెలా ఉంది. మంజుల కాసేపు చూసింది.

"అమ్మా, ఎవడో సీరియల్ ఆయన నాయిన ఫోన్ ఎత్తిండే!"

"నేనే బిడ్డా."

"నువ్వు గాదు. నాయినకియ్యి ఫోను."

లింబాద్రి ఫోను మళ్లీ ఏసీకి తిప్పాడు. అంతే, పిల్ల నవ్వి, "ఆ, నాయినా!" అని బడి కబుర్లు మొదలుపెట్టింది. మామ లేచి కారు తాళాలు తీసుకుని బయటికి వెళ్లిపోయాడు.

ఆ మర్నాటి నుంచి డాక్టర్ ఉమాదేవి గారికి కష్టాలు మొదలయ్యాయి. ఇంటి నుంచి క్లినిక్కు దాకా లింబాద్రి బుగ్గ. క్లినిక్కు నుంచి ఇంటి దాకా లింబాద్రి బుగ్గ. ఏసీ పెంచమంటే, "పెంచుత మేడం, కని ఆ బుగ్గ..." చివరికి ఆవిడ కారు ఆపించిందట.

"పోశయ్య గారూ, ఎక్సోసోములు మంత్రం కాదండీ. వాటి మీద ఇంకా పరిశోధనలు జరుగుతున్నాయి. మచ్చ మాయమైపోదు. ఎరుపు తగ్గచ్చు, గుంతలు కొంచెం పూడచ్చు. అదీ నెలకోసారి వస్తే. మా జూనియర్లకి నేర్పడానికి ఇలాంటి కేసు కావాలి కాబట్టి ఫ్రీగా చేస్తాను. కానీ ఆయనే వచ్చి, ఆయనే ఒప్పుకోవాలి. మీరు ఒప్పుకుంటే కుదరదు."

మామ అది తెచ్చి లింబాద్రికి చెప్పాడు.

"పోశన్నా, అది ఆడోళ్ల సోకు. నాకెందుకు?"

"ఆడోళ్లకొక తీరు కణాలు, నీకొక తీరు ఉంటయారా?"

"నేను రాను. ఖలాస్."

బతిమాలాడు, తిట్టాడు, సనావుల్లా భాయ్‌తో చెప్పించాడు. గోడ కదల్లేదు. అప్పుడు నా షాపుకొచ్చి ఒక స్టిక్కరు ప్రింటు చెయ్యమన్నాడు. ఏం రాయాలో చెప్పాడు. నాకు చాలాసేపు నవ్వు ఆగలేదు.

శుక్రవారం పొద్దున లింబాద్రిని ఎయిర్‌పోర్టు దాకా తోడు రమ్మన్నాడు. నేనూ ఎక్కాను. వచ్చేటప్పుడు చల్లటి డబ్బా తీసుకుని, దానికి తన తువ్వాలు చుట్టి, క్లినిక్కు ముందు కారాపి లింబాద్రి ఒళ్లో పెట్టాడు.

"తమ్మీ, నాకు పార్కింగ్ దొరకుతలేదు. గీ పొట్లం పైన డాక్టరమ్మకియ్యి. చల్లగ ఉండాలె, జల్ది పో."

పార్కింగు ఎదురుగానే ఖాళీగా ఉంది. కానీ పొట్లం అన్నాక లింబాద్రి ఏం చేస్తాడు? మాస్కు సర్దుకుని, డబ్బా గుండెకి పట్టుకుని లిఫ్టెక్కాడు. నేను తోడెళ్లాను. చూడకపోతే నిద్ర పట్టదు కదా.

ఉమాదేవి గారు తువ్వాలు విప్పి, చదివి, పెదాలు బిగబట్టారు.

"ఇది నాకు కాదండీ. మీకే వచ్చింది."

డబ్బా మీద పెద్దక్షరాలతో ఉంది: *లింబాద్రి, ఎడమ బుగ్గ, బనియాస్.*

లింబాద్రి దాన్ని చూశాడు, నన్ను చూశాడు, కిటికీలోంచి కిందికి చూశాడు. కింద మామ కారుకి ఆనుకుని, ఏమీ తెలియనట్టు ఆకాశాన్ని పరీక్ష చేస్తున్నాడు.

"పేరు రాసినంక ఎట్లైతది మేడం, తీసుకోవాలె గద," అన్నాడు లింబాద్రి.

ఆవిడ తొందరపెట్టలేదు. ఏం చేస్తారో, ఏం కాదో అంతా మళ్లీ చెప్పారు. వద్దనుకుంటే వెళ్లిపోవచ్చన్నారు. లింబాద్రి మాస్కు తీసి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు.

తర్వాత నెలనెలా వెళ్లాడు. బుగ్గకి మొద్దుబార్చే క్రీము, పెన్నులాంటి మిషనుతో సన్న సూదులు, మీద ఆ మందు. మొదటి రెండు రోజులు టమాటా పండులా వచ్చేవాడు. పోనుపోను ఎరుపు దిగింది. గుంతలు పూర్తిగా పోలేదు కానీ, వాటి అంచులు మెత్తబడ్డాయి. ఒకరోజు మావైపు తిరిగి కూర్చుని అన్నం తిన్నాడు. సనావుల్లా భాయ్ అతని పళ్లెంలో ఇంకో ముక్క వేశాడు.

ఆ సాయంత్రం గిన్నెలు కడుగుతూ నేను గొణిగాను. "భాయ్, మామ నా నొసటి మీద రోజూ కామెంట్రీ ఇస్తాడు. లింబాద్రన్న బుగ్గ మీద మాత్రం ఒక్క రోడ్డు పేరు కూడా పెట్టలేదే?"

సనావుల్లా భాయ్ కుళాయి కట్టేశాడు.

"నువ్వు అప్పుడు లేవులే అబ్బయ్యా. ఆస్పత్రి నుంచి వాణ్ని తెచ్చిన దినం రూమంతా వాని బుగ్గనే సూస్తా ఉండాది. వాడు దుప్పటి కప్పుకున్యాడు. ఈ పోశయ్య ఉన్నట్టుండి లేసి టార్చి నా ముక్కుమీద ఏసినాడు. 'ఏంది సనావుల్లా, గీ స్పీడు బ్రేకర్లు?' అన్యాడు. నేను అద్దం కాడికి ఉరికితి. ఆ తర్వాత అందరినీ వరసబెట్టినాడు. అంతకుముందు ఆ మనిషి ఎవురి మొగమూ ఎత్తి సూసినోడు కాదప్పా. ఆ దినం నుంచి ఎవురి గుంతలు వాళ్లు ఎతుక్కునేదానికే సరిపాయ. వాని బుగ్గ సూసేదానికి టైమేది?"

నేను ఒక గిన్నె రెండుసార్లు కడిగాను.

లింబాద్రి లీవు పెట్టాడు. ఎయిర్‌పోర్టుకి మామే తీసుకెళ్లాడు. దారంతా లింబాద్రికి ఒకటే భయం. "పోశన్నా, పాస్‌పోర్టు ఫోటో పాతది. కాలకముందుది. అక్కడ మొహం సూసే మిషనుంటదట. గుర్తువట్టకుంటే?"

"గుర్తువట్టకుంటే ఆఫీసర్ సూస్తడు. ఆఫీసర్ గుర్తువట్టకుంటే నేనొచ్చి సాక్షి జెప్త. నడువు."

లోపలికి పంపి మేం కార్లో కూర్చున్నాం. మామ స్టీరింగు మీద వేళ్లతో దరువేస్తూనే ఉన్నాడు. చివరికి ఫోను మోగింది.

"పోశన్నా! పచ్చ లైటు ఎలిగింది! గేటు తెరుసుకున్నది! మిషను నన్ను గుర్తువట్టింది!"

"పిచ్చోడా," అన్నాడు మామ, "మిషనే గుర్తువడితే బిడ్డ గుర్తువట్టదా? పో, పొయ్యి ఎత్తుకో."

ఫోను పెట్టేసి అట్లాగే కూర్చున్నాడు. అక్కడ కారు అంతసేపు ఆపకూడదు. సెక్యూరిటీ ఆయన వచ్చి అద్దం మీద కొట్టాడు. "యల్లా, యల్లా!" అని కదలమన్నాడు. మామ అద్దం దించి ఆయన మొహంలోకి నిండుగా చూశాడు. ఇక తీర్పు వస్తుందనుకున్నాను.

"భాయ్, ఖానా ఖాయా?" అని అడిగి, కారు ముందుకు పోనిచ్చాడు మామ.

"ఏంది మామా, ఆయన ముక్కు చూళ్లేదా?"

"సూసిన. మంచిగున్నది."

నిజం చెప్పాలంటే, అన్ని గుంతలున్న ముక్కు నేను అబుదాబి మొత్తంలో ఇంకోటి చూడలేదు.