తేమిన్ పంక్తి

ఓక్ చాంగ్‌గు మా వంశావళి లేఖకుడు. కౌంటీ కచేరీలో కుటుంబ నమోదు పుస్తకాలు ముప్పై యేండ్లు వ్రాసి విరమించిన మనిషి. ఒక్క అక్షరం వంకరపోయినా కాగితం మార్చి మొదటినుండి వ్రాసేవాడు. 2013లో వంశావళిని తిరిగి అచ్చు వేయదలచినప్పుడు, డెబ్బై రెండేండ్ల ఆయనకే ఆ పని అప్పగించాము.

సియోలు నుండి తేహ్యోన్ జనరల్ తన ఉద్యోగ చరిత్ర స్వహస్తంతో వ్రాసి పంపినాడు. మా వంశంలో మూడు నక్షత్రాలు ధరించినవాడు ఆయనొక్కడే. లెఫ్టినెంటుగా చేరినది, యుద్ధంలో గాయపడినది, సైనిక గూఢచార విభాగానికి అధిపతి అయినది, అన్నీ ఉన్నవి. నడుమ ఒక పంక్తి: "1977 శరత్తు. ఉత్తరాది గూఢచారిని పట్టినందుకు పతకము, మొదటి నక్షత్రము."

ఆ గూఢచారి ఆయన సొంత పెదనాన్న కొడుకు తేమిన్. చేపలు పట్టుకొని బ్రతికేవాడు. ఒకనాడు పొగమంచులో పడవ సరిహద్దు దాటి ఉత్తరానికి కొట్టుకొనిపోయింది. మూడు నెలలకు అక్కడివారు విడిచిపెట్టారు. తొమ్మిదేండ్ల తరువాత తేహ్యోన్ మనుషులు వచ్చి పట్టుకొనిపోయారు. నలభై రోజులు కొట్టగా, అడిగినదానికల్లా ఔనన్నాడు. జైలులోనే పోయాడు. 2010లో న్యాయస్థానం అతడు నిర్దోషి అన్నది.

జనరల్ ఫోన్ చేశాడు. చాంగ్‌గు కంటె పన్నెండేండ్లు పెద్దవాడైనా, తరంలో ఒక మెట్టు క్రిందివాడు.

"బాబాయ్, తేమిన్ సంగతి పోయినసారిలాగే వదిలెయ్."

పోయినసారి, 1983లో, పెద్దలు చెప్పగా ఆ పేరు వదలివేసిన చేయి చాంగ్‌గుదే. నాటినుండి ఆ పుట తెరిచినప్పుడల్లా, కుళ్ళిన చేపను తాకినట్టు చేయి కడుగుకొనేవాడు.

తేమిన్ కూతురు యోన్‌సిల్ రేవులో ఎండుచేపలు అమ్ముతుంది. ఆమె కూడ వచ్చింది. "నాకింకేం వద్దు తాతయ్యా. మా నాన్నని ఆయన చోట పెట్టండి, చాలు."

శరత్తులో పూర్వుల సమాధుల వద్ద పూజ ముగిసిన తరువాత, చిత్తుప్రతిని చాంగ్‌గు అందరికీ చదివి వినిపించాడు. జనరల్ పంక్తి పక్కనే తేమిన్ పంక్తి ఉన్నది, జైలులో చావు, నిర్దోషి అన్న తీర్పు సహా. జనరల్ కర్రతో నేల పొడిచాడు.

"ఏంటిది బాబాయ్! నా నక్షత్రం పక్కన వాడి చావు తెచ్చిపెట్టావ్?"

"నేను పెట్టలేదురా. అన్నదమ్ముల బిడ్డలు, పక్కపక్కనే పుట్టారు."

"అప్పుడు దేశం పరిస్థితి వేరు!"

"నువ్వు రాసిన కాగితంలో పరిస్థితి లేదే? నక్షత్రమే ఉంది."

"అయితే ఆ పంక్తి కొట్టెయ్."

"నీ చేతిరాత. అక్షరం మార్చను."

"నా పేరే తీసెయ్!"

"పేర్లు తీసే పని ఒకసారి చేశాను. ఆ కంపు ఇంకా వదల్లేదు."

పూజలో సమర్పించిన మద్యాన్ని గిన్నెలో పోసి, ఆచారం ప్రకారం జనరల్ పినతండ్రికి రెండు చేతులా అందించాడు. చాంగ్‌గు దానిని గడ్డిపై ఒంపివేశాడు.

చలికాలంలో గ్రంథం వచ్చింది. తొలి ప్రతిని ఆయనే రేవుకు తీసుకొనిపోయాడు. యోన్‌సిల్ ఆయనకు పీట వేసి, చేతులు కడిగి తుడుచుకొని, తండ్రి పంక్తిపై వ్రేలు ఆనించి చదివింది.

"పోయినసారి తీసేసిందెవరు తాతయ్యా?"

"నేనే."

"మీ చేత్తోనే?"

"నా చేత్తోనే."

ఆమె గ్రంథాన్ని గుండెకు అదుముకొని లేచింది. వేసిన పీటను కాలితో బల్ల క్రిందికి త్రోసి, లోపలికి పోయింది. చాంగ్‌గు ఎండుచేపల నడుమ కొంతసేపు నిలుచుండి, బస్సు వైపు నడిచాడు.