కిందనే పోయమన్నడు

దెయ్యాల మాటెత్తితే నవ్వేవాణ్ణి నేను. ఎల్లారెడ్డిలో బట్టల దుకాణం పెట్టుకొని పొద్దంతా బేరాలాడేవాడికి దెయ్యాలతో పనేముంది? ఇప్పటికీ నమ్ముతున్నానని అనను. జరిగింది మాత్రం చెప్తాను.

పోయినేడు సీతాఫలాల కాలంలో మా అన్న కాయలు తెంపడానికి పోచారం దిక్కు గుట్ట ఎక్కి, మళ్లీ దిగలేదు. మోపెడ్ గుట్ట కింద దొరికింది. పోలీసులు, ఊరివాళ్లు అందరూ వెతికారు. చొక్కా పేలిక కూడా దొరకలేదు. చుట్టాలు దినాలు చేసేయమన్నారు. వదిన బొట్టు తీయనంది. "మనిషిని చూడకుండ ఎట్ల చేస్తరు?" అని ఎదురు తిరిగింది.

మొన్న చలికాలం చివర్లో, గుట్ట మీద అన్నలాంటి మనిషి కనబడ్డాడని తాడ్వాయి నుంచి ఎవరో కబురు చెప్పారు. నేను నమ్మలేదు. వదిన ముఖం చూసి కాదనలేకపోయాను. పొద్దున్నే ఆమె తమ్ముడు సాయిలును వెంటబెట్టుకొని బయల్దేరాను. ఆమె జొన్నరొట్టెలు మూటగట్టి ఇచ్చింది, అన్న వంతు కూడా కలిపి.

గుట్టంతా తిరిగాం. రాళ్లు, ఎండిన మోదుగాకులు, మేకల పెంటికలు. పేరు పెట్టి పిలిచి పిలిచి సాయిలు గొంతు బొంగురుపోయింది. నాకైతే పిలవబుద్ధి కూడా కాలేదు. మధ్యాహ్నం దాటాక అవతలి వైపు దిగితే ఈతచెట్ల కింద కల్లు దుకాణం కనబడింది. కోడికూర వాసనకు కాళ్లు ఆగిపోయాయి. అంత దుఃఖంలోనూ ఆకలి సిగ్గులేనిది.

కల్లు పోసే అవ్వ మాకు కొత్త, మేమూ ఆమెకు కొత్తే. కూర వడ్డించి మా ఇద్దరికీ గిలాసలు నింపింది. తర్వాత ముంత వంచి, నా పక్కన ఖాళీ నేల మీద కొంచెం కల్లు పోసింది.

మా ఇండ్లలో తాగేముందు చనిపోయినవాళ్లను తలుచుకొని నేల మీద రెండు చుక్కలు వదులుతాం. సాక అంటాం. ఎవరి పెద్దలకు వాళ్లే పోసుకుంటారు. అమ్మే మనిషి పోయడం నేనెక్కడా చూడలేదు.

"గదేందవ్వా?" అని అడిగాను.

"మీ ఎనక దిగొచ్చినాయనకు బిడ్డా. గిలాస ఇయ్యబోతే వద్దన్నడు. కిందనే పోయమన్నడు."

సాయిలు చేతిలోంచి రొట్టె ముక్క జారిపోయింది. ఆయన ఎట్లా ఉన్నాడని అడిగాను. తల రుమాలు కొసను ఎడమ చెవి మీదికి వదిలి కట్టుకున్నాడంది. ఆ చెవికి కాలిన మచ్చ ఉంది మా అన్నకు. అది కనబడకుండా అట్లానే కట్టేవాడు. లేచి దారంతా చూసొచ్చాం. ఎవరూ లేరు.

అన్నను వెతుకుతూ మేం ఊళ్లలో పంచిన ఫొటో ఆమె ఎక్కడో చూసి ఉంటుందని సర్దిచెప్పుకున్నాను. కానీ ఆ ఫొటోలో అన్న తలకు రుమాలే లేదు.

ఇంటికొచ్చేసరికి వదిన గడపలో నిలబడి ఉంది. ఏమన్నా తెలిసిందా అంది. లేదన్నాను. మూట విప్పి చూసింది. అన్న వంతు రొట్టెలు అట్లానే ఉన్నాయి. మళ్లీ మూటగట్టి లోపలికి తీసుకుపోయింది.

ఆ మధ్యాహ్నం జరిగిందేమిటో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. కల్లు ముందర కూర్చుంటే నాయిన పేరు తలిచి సాక పోస్తాను. అక్కడే చెయ్యి ఆగిపోతుంది. ఇంకో రెండు చుక్కలు వదిలితే వదిన బొట్టు నేనే తుడిచినట్టు. వదలకపోతే, నోరు తెరిచి అడిగిన అన్నను దాహంతో కూర్చోబెట్టినట్టు.

గిలాస అట్లానే పెట్టి లేచొస్తున్నాను.