సీతాకోకచిలుకల కోసం జగ్గయ్యపేటకు ఒక ఎండు జనుము కట్ట

ఈ ప్రయాణం ఒక మాట పడటం వల్ల మొదలైంది. పడింది నేను. నా పేరు తిరపతమ్మ. మాది వీరులపాడు దగ్గర ఒక పల్లె. నాకు అక్షరం రాదు కాబట్టి నేను చెబుతుంటే నా కూతురి కూతురు హారిక టైపు చేస్తోంది. పూర్తయ్యాక మొదటి నుంచి చివరి దాకా చదివించుకుంటాను. అందుకని తను సొంతంగా తీపి మాటలేవీ కలపడానికి వీల్లేదు. జగ్గయ్యపేట వైపు సీతాకోకచిలుకలను చూడాలని బయలుదేరేవాళ్లకు పనికొస్తుందనీ, నా పక్షం కూడా నలుగురికీ తెలియాలనీ చెబుతున్నాను.

హారిక నందిగామలో సైన్సు టీచరు. ఆదివారాల్లో ఓ పదిమందితో కలిసి సీతాకోకచిలుకల కోసం అడవుల వెంట తిరుగుతుంది. ఏది కనిపించినా ఫోటో తీసి, ఎక్కడ, ఏ మొక్క మీద, ఎన్నింటికి అని ఒక పుస్తకంలో రాసుకుంటారు. ఆ గుంపుకు పెద్ద సూర్యనారాయణగారు. బ్యాంకులో చేసి రిటైరయ్యారు, చేతిలో మూరెడు కెమెరా ఉంటుంది. మాఘమాసంలో ఒక రోజు అందరూ హారిక ఇంట్లో టీ తాగుతూ, ఈ ఏడు సీతాకోకచిలుకలు బొత్తిగా కనపడటం లేదని దిగులుపడుతున్నారు. నేను ఊరుకోలేకపోయాను. నా చిన్నప్పుడు మా నాన్న జగ్గయ్యపేట పైన, అడవి అంచున చేను కౌలుకు చేసేవాడు. వరి కోశాక ఆ తేమ మీదే పశువుల మేతకని జనుము చల్లేవాళ్లం. అది కోసి ఆరబెడితే, ఆ ఎండు కట్టల మీదికి సీతాకోకచిలుకలు గుంపులు గుంపులుగా దిగి పుల్ల కనపడకుండా కప్పేసేవి. అదే చెప్పాను.

సూర్యనారాయణగారు కప్పు కింద పెట్టి నవ్వారు. "అక్కయ్యగారూ, సీతాకోకచిలుకలు పూలకొస్తాయండి. ఎండుగడ్డికి పశువులొస్తాయి."

అందరూ నవ్వారు. హారిక కూడా నవ్వింది. నాకు అదే ఎక్కువ గుచ్చుకుంది.

"నే చూసా బాబూ. మీ పుస్తకంలో రాసుకోండి" అన్నాను.

"ఫోటో ఉంటేనే రాస్తామండీ. మాటలు రాయం."

నాకు డెబ్బై మూడేళ్లు. మా ఊళ్లో పొలం గట్టు దగ్గర తగువొచ్చినా, పురుడు ఎప్పుడొస్తుందో చూడాలన్నా నా నోటి మాటనే నమ్ముకున్నారు. అలాంటిది ఒక పెట్టె క్లిక్కుమంటేగానీ నేను చూసింది చూసినట్టు కాదట. "ఫోటోనేగా కావాల్సింది? తెస్తా" అన్నాను.

హారిక దగ్గర పాత ఫోను ఒకటుంటే తీసుకున్నాను. తెల్లటి గుండ్రం ఎక్కడుందో చూసుకుని నొక్కాలి, అంతే. దానికి చదువు అక్కర్లేదు. రెండు వారాలు మా కోళ్లనూ, గేదె చెవులనూ, పక్కింటి వాళ్ల కోడలినీ తీశాను. ఈలోగా మా చేలో విత్తనానికి వదిలిన జనుము కాయలతో సహా కోసి, డాబా మీద ఐదు రోజులు ఎండబెట్టి చంకలో పట్టేంత కట్ట కట్టాను. ఫాల్గుణంలో వచ్చిన మొదటి ఆదివారం వాళ్లంతా జగ్గయ్యపేట అడవికి వెళ్తున్నారు. సూర్యనారాయణగారు హారికను కారులో రమ్మన్నారు, నన్నూ రమ్మన్నారు. కట్టను మాత్రం వద్దన్నారు, కొత్త సీట్లకు దుమ్ము పడుతుందట. "అయితే మేం ముగ్గురం బస్సులో వస్తాం" అన్నాను, కట్టను కూడా లెక్కేసి.

తెల్లవారి ఐదున్నరకు మా ఊళ్లో షేర్ ఆటో ఎక్కితే మనిషికి నలభై రూపాయలు, ఆరుంబావుకు నేనూ కట్టా నందిగామ బస్టాండులో దిగాం. హారిక అక్కడ కలిసింది. జగ్గయ్యపేట వైపు బస్సులకు కొదవ లేదు. ఆడవాళ్లకు ఉచితం, ఆధార్ కార్డు మాత్రం చేతిలో ఉండాలి. కండక్టరు నలభై లోపు పిల్ల. నా కార్డు చూసింది, కట్టను చూసింది.

"మామ్మగారూ, మీకు ఫ్రీగానీ ఈ మోపుకి లగేజీ కొట్టాలండీ."

"ఎందుకే తల్లీ? అదేమన్నా సీట్లో కూర్చుందా?"

"దారికడ్డంగా ఉందిగా."

"నా ఒళ్లో పెట్టుకుంటా."

"పెట్టుకుంటే మీరు కనపడరు."

"నా మొహం చూద్దామని ఇక్కడెవరూ ఎక్కలేదులే."

బస్సంతా నవ్వింది. ఆ పిల్లా నవ్వి ముందుకు వెళ్లిపోయింది. కుదుపు వచ్చినప్పుడల్లా ఎండు కాయల్లో గింజలు గలగలమంటున్నాయి. ముందు సీట్లో అప్పటిదాకా ఏడుస్తున్న చంటిపిల్ల ఆ చప్పుడుకు ఊరుకుని, చిల్లకల్లు దాకా నా కట్టనే చూస్తూ కూర్చుంది. ముప్పావుగంటలో జగ్గయ్యపేట చేరాం. బస్టాండు ఎదురుగా బండి మీద ఇడ్లీ తిన్నాం, ప్లేటు ముప్పై. అల్లం పచ్చడి బాగుంది. అడవి దగ్గర తినడానికేమీ దొరకదు కాబట్టి ఇక్కడే తినేసి, నీళ్లు కూడా నింపుకోండి. అడవి దాకా వెళ్లి, ఆగి, తిరిగి తీసుకురావడానికి ఆటో అతను నాలుగు వందలు అడిగాడు, మూడు వందల యాభైకి తెగింది. అరగంట ప్రయాణం. దారికి రెండు వైపులా మోదుగ చెట్లు ఆకు లేకుండా ఎర్రగా పూసి ఉన్నాయి. ఆ చెట్లను చూస్తుంటే నా మోకాళ్ల నొప్పి గుర్తే రాలేదు.

గేటు దగ్గర వాచరు ఆపాడు. లోపలికి వెళ్లాలంటే అటవీ కార్యాలయంలో ముందుగా అనుమతి కాగితం తీసుకోవాలి. మా హారిక తెచ్చి ఉంచింది. వాచరు దాన్ని చూసి తలూపాడుగానీ నా కట్ట దగ్గర ఆగిపోయాడు. అతనిది తెలంగాణ సరిహద్దు ఊరు.

"ఏందవ్వా, మేకలేడున్నయ్?"

"మేకల్లేవు. సీతాకోకచిలుకలకి."

"అందరు అడివిల నుంచి బయటికి మోస్తరు. నువ్వేంది, బయటి నుంచి లోపటికి మోస్తున్నవ్?" అని ఒక కాయ చిట్లించి చూశాడు. "ఈటికి గింజలున్నయ్. రాలితే మొలుస్తయ్, అట్ల రాలనియ్యొద్దు. ఒక్క పుల్ల గూడ ఈడ మిగలొద్దు మరి."

అతను చెప్పింది న్యాయమే. కింద పరవడానికి నా దగ్గర పాత చీర ఉంది, చూపించాను. పోనిచ్చాడు.

లోపల పావుగంట నడిస్తే ఎండిన వాగు వస్తుంది. కారులో వచ్చినవాళ్లు అప్పటికే అక్కడున్నారు. తొమ్మిది కావస్తోంది. సూర్యనారాయణగారు ఒక నెమలినార చెట్టు నీడ చూపించి, "ఇక్కడ పెట్టండక్కయ్యగారూ, ఫోటోకి వెలుతురు మెత్తగా పడుద్ది" అన్నారు. ఆయనకు తెలిసిన పని కదా అని అక్కడే చీర పరిచి కట్ట పెట్టాను. నేను చేసిన తప్పు అదే. గంట గడిచింది. వాగు అవతల పొదల్లో ఒకటీ అరా ఎగురుతున్నాయిగానీ ఇటు తిరిగి చూసింది లేదు. చీమలు మాత్రం వచ్చాయి.

"ఒక గేదెని కూడా బస్సెక్కించాల్సిందండీ" అన్నారు సూర్యనారాయణగారు.

నేను చీర మీది చీమలు దులుపుతున్నాను. హారిక వచ్చి పక్కన కూర్చుంది. "పోన్లే అమ్మమ్మా. చిన్నప్పుడు నువ్వు చూసే ఉంటావులే."

ఆయన ఎగతాళి నన్నేమీ చేయలేదు. ఈ "ఉంటావులే" మాత్రం తగిలింది. నా మనవరాలు నన్ను బుజ్జగిస్తోంది. అంటే నా మాట తనకూ నమ్మకం లేదు.

అప్పుడు కళ్లు మూసుకుని మా నాన్న చేను గుర్తుచేసుకున్నాను. అక్కడ కట్టలు నీడలో ఉండేవి కావు, నడినెత్తి ఎండలో ఉండేవి. మేం వాటిని ఊరికే పెట్టేవాళ్లమూ కాదు. విత్తనానికి ఉంచుకునే గింజ రాలడానికి కర్రతో బాదేవాళ్లం, కాళ్లతో తొక్కేవాళ్లం. ఎండు జనుము నలిగితే వగరుగా ఒక వాసన వస్తుంది, సాయంత్రం దాకా ఒంటికి వదలదు. సీతాకోకచిలుకలు వచ్చింది ఆ వాసనకే అయ్యుండాలి. మరి ఇక్కడ నలిపిందెవరు? గాలి ఎటు పోతోందో చూసిందెవరు?

లేచాను. ధాన్యం తూర్పారబట్టేటప్పుడు చేసినట్టే పిడికెడు దుమ్ము తీసి ఎత్తు నుంచి వదిలాను. దుమ్ము వాగు అవతలి పొదల నుంచి నా వైపుకు వచ్చింది. అంటే గంటసేపు నా జనుము వాసన పొదలకు కాకుండా సూర్యనారాయణగారికి పోయింది. చీర, కట్ట ఎత్తుకుని వాగు దాటి, పొదలకు అవతల గాలి వచ్చే వైపు, బాగా ఎండ పడే బండ మీదికి వెళ్లాను. చీర పరిచి కట్టను బండకేసి బాదాను, చెప్పులు విడిచి మడమలతో తొక్కాను. హారిక పరిగెత్తుకొచ్చింది. "అమ్మమ్మా, పడతావ్!"

"నువ్వూ తొక్కు, మాటలాపి."

ఇద్దరం తొక్కి, చీరను చక్కదిద్ది, నాలుగడుగులు వెనక్కి జరిగి కూర్చున్నాం. పట్టుమని పది నిమిషాలు కాలేదు. పొదలో నుంచి నల్లటిది ఒకటి వచ్చింది, రెక్కల నిండా లేత నీలం చుక్కలు, గీతలు. గాలికి ఎదురీదుతూ, ఊగుతూ వచ్చి తిన్నగా ఎండు పుల్ల మీద వాలింది. చుట్ట చుట్టిన నాలుక చాపి ఆ పుల్లను పొడుస్తోంది. "బ్లూ టైగర్!" అని దాని పేరు చెబుతూ హారిక నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. దాని వెనక ఇంకొకటి, ఆ వెనక నాలుగు. తర్వాత గోధుమ రంగువి, కాషాయం మీద నల్ల గీతలున్నవి. పావుగంటకల్లా కట్ట కట్టలా లేదు, ఊపిరి తీసుకుంటున్నట్టు రెక్కలు ముడుస్తూ విప్పుతూ కదులుతోంది. నా అరవై ఐదేళ్ల కిందటి చేను మళ్లీ నా ముందుకొచ్చింది. ఏడుపొస్తుందేమో అనుకున్నాను, నవ్వొచ్చింది.

నవ్వుతూనే ఫోను తీశాను. మొదటి ఫోటోలో నా కాలి బొటనవేలు పడింది. రెండోదాంట్లో కట్ట ఉందిగానీ అంతా అలుక్కుపోయింది. మూడోదాంట్లో ఒక టోపీ ఉంది. ఎవరిదా అని చూస్తే సూర్యనారాయణగారిది. ఆయన కెమెరా మెడకు వేలాడేసుకుని, మోకాళ్ల మీద, అరచేతుల మీద, చప్పుడు కాకుండా నా కట్ట వైపు పాక్కుంటూ వస్తున్నారు.

"బాబూ, ఎండుగడ్డికి ఎవరొస్తారన్నారు?" అన్నాను.

ఆయన తల ఎత్తలేదు. "వచ్చానండీ అక్కయ్యగారూ, వచ్చాను. కాస్త కదలకండి" అన్నారు. అవతల ఒడ్డు మీద వాళ్లు నోళ్లకు చేతులడ్డం పెట్టుకుని నవ్వడం నాకు కనపడుతూనే ఉంది.

నేను పక్కకు రాలిన పుల్ల ఒకటి తీసి ఎడం చేత్తో పట్టుకున్నాను. చేతులకూ ఆ వాసనే కదా, ఒక నీలం చారలది వచ్చి సగం పుల్ల మీద, సగం నా వేలి మీద కూర్చుంది. దాని కాళ్లు తగిలాయో లేదో తెలియనంత తేలిక. ఎన్నో కాగితాల మీద ముద్ర వేసిన కుడి బొటనవేలితో ఆ తెల్ల గుండ్రాన్ని మెల్లగా నొక్కాను. క్లిక్కుమంది. ముడతల చెయ్యి, ఎండు పుల్ల, నీలం రెక్కలు, మూడూ స్పష్టంగా పడ్డాయి. ఈ పేజీ పైన పెట్టింది ఆ ఫోటోనే.

పదకొండున్నరకు ఎండ ముదిరి అవి పొదల్లోకి సర్దుకున్నాయి. సూర్యనారాయణగారు ప్యాంటు దులుపుకుని, పుస్తకం తీసి స్వయంగా రాశారు. ఏం రాశారో హారికతో చదివించుకున్నాను: "ఎండు జనుము మీద. చూసినవారు తిరపతమ్మ. ఫోటో తిరపతమ్మ."

"చిన్నప్పుడు చూసింది?" అని అడిగాను.

"దానికి ఫోటో లే..." అనబోయారు. నా మొహం చూసి మధ్యలోనే ఆపేసి, మళ్లీ కలం తెరిచారు. హారిక భుజం మీదుగా వంగి చదివింది: "ఇదే అడవి అంచున ఎండు జనుముకు ఇవి గుంపులుగా రావడం ఈవిడ చిన్ననాటి నుంచి ఎరుగుదురు. ఆధారం, ఈవిడ మాట." చివరి రెండు ముక్కలూ మూడుసార్లు చదివించుకున్నాను. మూడోసారి హారిక పుస్తకం చేతిలోకి తీసుకుని అందరికీ వినపడేలా చదివింది.

చీర నాలుగు మూలలూ ముడేసి గింజలతో సహా ఎత్తుకొచ్చాను. వాచరు ముడి విప్పి చూసి మరీ పంపాడు. సూర్యనారాయణగారు కట్టను తన కారులోనే తీసుకెళ్దామని పట్టుబట్టారు. ఆటో అతనికి ఒప్పుకున్న డబ్బులిచ్చి పంపేసి, కొత్త సీట్ల మీద జనుము దుమ్ముతో నందిగామ చేరాం. దారిలో హారిక ఫోనులో చూసి చెప్పింది. అలా వచ్చేవాటిలో ఎక్కువ మగవేనట. ఆ ఎండు పుల్లలో ఉన్నదేదో పీల్చుకుంటేగానీ ఆడవాటికి నచ్చే పరిమళం వాటికి రాదట. పెళ్లిచూపులకు అత్తరు పూసుకుంటున్నాయన్నమాట. మా నాన్నకు ఇదేమీ తెలియదు. నాకూ తెలియదు. అయినా మేం చూశాం. ఎందుకో తెలియనంత మాత్రాన చూసింది అబద్ధమైపోదు. మీ ఇంట్లో ముసలివాళ్లు ఇలాంటిదేదైనా చెబితే నవ్వే ముందు ఒక ఆదివారం వాళ్లను వెంటబెట్టుకుని వెళ్లి చూడండి. నాలాగే వాళ్లకూ ఆ రోజు మోకాళ్లు నొప్పి పెట్టకపోవచ్చు.

ఇక వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. జనుము పట్టుకెళ్తే ముందు దుమ్ము వదిలి గాలి చూసుకోండి. పొదలకు గాలి వచ్చే వైపున, ఎండలో, పాత చీర మీద నలిపి పెట్టండి. వచ్చేటప్పుడు ఒక్క పుల్లా వదలకుండా ఇంటికి తెచ్చేసుకోండి. నేను తెచ్చినది ఆ సాయంత్రం కొట్టంలో వేస్తే మా గేదె తలాడిస్తూ పరుగున వచ్చింది. సూర్యనారాయణగారు చెప్పిందీ అబద్ధం కాదు.