కొబ్బరినీళ్లు తాగిన నెట్‌బుక్

మొన్న దసరాకు పటాన్‌చెరులో నేను పనిచేసే ప్లాస్టిక్ యూనిట్‌లో ఆయుధపూజ జరిగింది. అప్పుడే ఆపిన మౌల్డింగ్ మిషన్ ముందు కొబ్బరికాయ కొట్టారు. వేడి ఇనుము మీద పడిన నీళ్లు చుయ్‌మని ఎగిరి, తియ్యటి మాడువాసన లేచింది. అందరూ హారతి కళ్లకద్దుకుంటున్నారు. ప్యాకింగ్‌లో పనిచేసే అమ్మాయి ఒకతె మాత్రం గడప అవతలే నిలబడింది. ఎందుకని ఎవరూ అడగలేదు. అందరికీ తెలుసు. నాకు ఒళ్లు మండింది. ఆ వాసనతో పాటే విమలమ్మ మేడం గుర్తొచ్చింది.

ఆమె రిటైరైన సైన్సు టీచర్. పటాన్‌చెరు పక్కనే ఉన్న చిట్కుల్‌లో కార్మికులు కిరాయికుండే గదుల మధ్య కాలనీ కమిటీ ఒక చదువుల గది నడిపేది. సాయంత్రాలు ఆమె అక్కడ పాఠాలు చెప్పేది. ఓపిక తక్కువ మనిషి. తప్పు జవాబు చెబితే ఊరుకునేది గాని, ఎందుకో తెలియకుండా ఒప్పు జవాబు చెబితే మండిపడేది. ఎవరో ఇచ్చిన పాత నెట్‌బుక్, చేతిసంచిలో పట్టేంతది, ఆ గదికంతా ఒకే ఒక్క కంప్యూటర్. నేను అప్పుడు ఇంటర్ చదువుతున్నాను. ఇంట్లో నన్ను ప్యాకింగ్ పనికి పంపాలన్న మాట నడుస్తోంది. ఆ గది ఉన్నన్నాళ్లే నాకు చదువు.

ఆ ఏడు దసరాకు కమిటీ పెద్ద కిష్టయ్య తాత నెట్‌బుక్‌కు కుంకుమ పెట్టి, బల్లకు నిమ్మకాయ కట్టాడు. మర్నాడు నేను కూర్చోగానే ఒకే అక్షరం తెరంతా పరుగెత్తింది. ఆపి, మళ్లీ ఆన్ చేసి, మళ్లీ ఆపి చూశాను. చివరికి విండోస్ లేవడమే మానేసింది. అప్పుడు నాకు ముట్టు. ఆ సంగతి పక్కింటామె నోట పడి కాలనీ అంతా పాకింది. ఆ మరునాడు కిష్టయ్య తాత నన్ను గడప దగ్గరే ఆపాడు.

“నేనేం తిడుతలేను బిడ్డా. జెర నాలుగు దినాలు ఆగితే ఏం బోయె? పూజ చేసిన మిషనాయె. ఇగ నువ్వు లోపటికి రాకు.”

బిడ్డా అంటూనే వెలివేశాడు. తిట్టి ఉంటే తిరగబడేదాన్ని. ఆ ప్రేమను తలుచుకుంటే ఇప్పటికీ కోపం ఎక్కువవుతుంది.

విమలమ్మ మేడం అందరి ముందూ స్క్రూలు విప్పి కీబోర్డు పైకి లేపింది. కింద జిగురుగా ఎండిన మరక. అందులో కుంకుమ ముద్దకట్టి ఉంది.

“కిష్టన్నా, కొబ్బరినీళ్లు యాడ పోసినవే?”

“పోసుడేంది టీచరమ్మా, జెరంత చిలకరించిన. లారీకి గూడ చిలకరిస్తం గద!”

“లారీ టైరు, ఇది ఒక్కటేనా? ఇంక నయం, గుమ్మడికాయ కొట్టలేదు దీని మీద!”

అందరూ నవ్వారు. అయినా నా మీద నిషేధం పోలేదు. సంగారెడ్డిలో ఒక కంప్యూటర్ రిపేరు దుకాణంవాడు నెట్‌బుక్‌ను చూసి, దీని కాలం అయిపోయింది, పారేయమన్నాడు. మేడం భగ్గుమంది. “కాలం తీరిందని జ్యోతిష్యం చెప్పేటోడు అంటడు. మెకానిక్ అయితే ఏం పోయిందో చెప్పాలె!”

కీబోర్డు తుడిచి, ఆరబెట్టి, తన ఇంట్లోనే నా చేత బాగుచేయించడం మొదలుపెట్టింది. విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లినక్స్‌ను పెన్‌డ్రైవ్‌లో ఎక్కించాం. నెట్‌బుక్ దాన్నుంచి మొదలవడానికి నొక్కాల్సిన మీట చచ్చిపోయింది. బయటి కీబోర్డు తగిలించాం. ఆత్రంగా నేను నాలుగు సెట్టింగులు మార్చబోతే చేతి మీద చిన్న దెబ్బ వేసింది. “ఒక్కసారికి ఒక్కటే మార్చు. అన్నీ ఒక్కపారే మారిస్తే ఏది పనిచేసిందో తెల్వదు. ఇగ దేవుడే చేసిండంటవ్.”

లినక్స్ పూర్తిగా ఎక్కిన రోజు నాకు మళ్లీ ముట్టు. ఎగిరి గంతేశాను. “మేడం, తాతను పిలుస్త. ఇయ్యాల గూడ నాకు అదే అని చెప్పి, నడిపి చూపిస్త!”

ఆమె ముఖం చిట్లించింది. “మిషన్ నడిస్తే నువ్వు మంచిదానివి, ఆగితే మైలదానివా? గా లెక్క నువ్వే ఒప్పుకుంటున్నవా?”

నేను వినలేదు. నెట్‌బుక్ పట్టుకుని గదికి వెళ్లి, గడప బయటి అరుగు మీద పెట్టి, కిష్టయ్య తాతను పిలిచి అంతా చెప్పి ఆన్ చేశాను. తెర చక్కగా వెలిగింది. వైఫై మాత్రం రాలేదు. ఎంత నొక్కినా రాలేదు.

“సూసినవా బిడ్డా,” అన్నాడాయన మెల్లగా.

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. వెనకే వచ్చిన మేడం అడిగింది. “వైఫై ఎందుకొస్తలేదో నాకు తెల్వదు కిష్టన్నా. నీకు తెలుసా?”

“నాకేం తెలుస్తది టీచరమ్మా.”

“తెల్వనప్పుడు తెల్వదను. పిల్ల మీదికెందుకు తోస్తున్నవ్?”

పక్క నెట్ సెంటర్ నుంచి కేబుల్ లాగి, వైఫై పరికరాన్ని నడిపే డ్రైవర్ ప్రోగ్రాం దించుకున్నాం. అది ఎక్కించి మళ్లీ ఆన్ చేస్తే వైఫై వచ్చింది. కిష్టయ్య తాత తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. “సరే బిడ్డా, నీ తప్పేం లేదు. రా, లోపట కూసో.”

నేను లేవబోయాను. మేడం వదల్లేదు. “ఇయ్యాల వైఫై రాకపోయుంటే పిల్లను బయటనే ఉంచుతుంటివా?”

ఆయన బల్లకు వేలాడుతున్న ఎండు నిమ్మకాయ వైపు చూశాడు. జవాబు కోసం ఆగకుండా మేడం నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి కూర్చోబెట్టింది.

తర్వాత వేదికల మీద, పత్రికల్లో ఎన్నో వాదించాను. ముట్టులో ఉన్నవాళ్లు తాకితే పచ్చడి పాడవదని, మొక్క ఎండదని రుజువులు చూపించాను. ఇప్పుడు చూపించడం మానేశాను. రుజువు తేవలసింది గడప దగ్గర ఆపినవాడు గాని, ఆగినవాళ్లు కాదు.

మొన్న పూజలో సూపర్‌వైజర్‌ను అడిగాను. “ఈ అమ్మాయి లోపలికి రాకుండానే రేపు మిషన్ ఆగిపోతే, అప్పుడు ఎవర్ని బయట నిలబెడ్తరు?”

ఆయన కూడా మిషన్‌కు కట్టిన నిమ్మకాయ వైపే చూశాడు. నేను జవాబు కోసం ఆగలేదు. వెళ్లి ఆ అమ్మాయి చెయ్యి పట్టుకున్నాను.