గెస్టులొస్తున్నరని పీటలు దాచిన

పోయిన నెల మా ఇంటికి గెస్టులొచ్చిన్రు. వాళ్లకు నేను ఏ పోజుల కనబడిన్నో తెలుసా? ఒక కాలు గచ్చు మీద, ఇంకో కాలు బియ్యం డబ్బాల, నెత్తి మీది నుంచి పాలు కారుకుంట! నవ్వున్రి, నవ్వున్రి. ఇప్పుడైతే నేను సుత నవ్వుతున్న. ఆ రోజు మాత్రం ఆ బియ్యంలనే మొత్తం మునిగిపోతె బాగుండనిపించింది.

మీల కొత్తోళ్లు ఎవరన్న ఉంటె వాళ్ల కోసం చెప్తున్న. నేను పొట్టి. మామూలు పొట్టి కాదు, నాలుగు ఫీట్లకు సుత తక్కువనే. అకాండ్రోప్లేషియా అంటరు. చేతులెముకలు, కాళ్లెముకలు పొడుగు సాగవు. మిగతాదంతా అందరి లెక్కనే, నోరైతే అందరికన్న జెర ఎక్కువనే. ఒక ఆఫీసుల అకౌంట్స్ చూస్త. బోయిన్‌పల్లిల ఒక అపార్ట్‌మెంట్ల మూడో ఫ్లోర్ల అమ్మ, నేను ఉంటం. ఆ ఫ్లాట్ కొనేటప్పుడు బ్రోకర్ గాలి, వెలుతురు, మంజీరా నీళ్లు అని చెప్పుకుంట పోతుంటె, నేను లిఫ్టుల బటన్లు చూస్తున్న. మూడో నంబర్ నాకందుతది. నాలుగోది అందదు. అంతే, మూడో ఫ్లోర్ ఫైనల్.

మా ఆఫీసుల ఒకామె ఒకరోజు వచ్చి, "స్వరూపా, మా చుట్టాలమ్మాయి నీతోటి మాట్లాడాలంటున్నది. నేరేడ్‌మెట్‌ల ఉంటరు. వాళ్ల పాపకు సుత నీ లెక్కనే అని డాక్టర్ చెప్పిండట. రెండేండ్లు నిండినయ్ పాపకు" అన్నది. సరే, నంబర్ ఇయ్యమన్న.

అదే రోజు సాయంత్రం ఫోన్. ఆమె పేరు కవిత. "మేడం, డిస్టర్బ్ చేస్తున్ననా? ఒక్కసారి మీ ఇంటికి రావొచ్చా? మీరు... మీరు ఎట్ల ఉంటరో చూస్తా మేడం" అన్నది. గొంతు వణుకుతున్నది. ఆ గొంతు నాకు తెలుసు. నా చిన్నప్పుడు మా అమ్మ ఎవరితోటి మాట్లాడినా గట్లనే వణికేది.

"ఆదివారం రండ్రి. చాయ్ తాగుదాం" అన్న.

ఇగ అక్కడ షురూ అయింది నా తెలివి.

మా ఇల్లు ఎట్లుంటదంటే, అడుగడుగున పీటలే. వంటింట్ల గట్టు పొడుగునా ఒక బల్ల, దాని మీద ఇటు నుంచి అటు నడుచుకుంట వండుత. వాష్‌బేసిన్ ముందట ఒక పీట. బీరువా దగ్గర రెండు మెట్లది ఒకటి. మంచం పక్కన ఒకటి. పై అరలల్ల డబ్బాలు గుంజనీకి కొక్కెం కట్టె. వీటికి తట్టుకొని అమ్మ గూడ ఎన్నిసార్లు పడబోయిందో!

శనివారం నాడు ఇల్లంతా ఒకసారి చూసిన. అయ్యో, ఆ పిల్ల తల్లి వచ్చి ఈ పీటలన్నీ చూస్తె ఏమనుకుంటది? నా బిడ్డ బతుకంతా ఇట్ల పీటలెక్కుకుంట దిగుకుంటనేనా అని గుండె పగలదా? వద్దు. ఆమె కండ్లకు నేను నార్మల్‌గ కనబడాలె. ఏ తక్లీఫ్ లేదు, అందరి లెక్కనే జబర్దస్త్‌గ బతుకుతున్న అని ఆమెకు ధైర్యం రావాలె.

అమ్మ ఆ వారం మా చెల్లె దగ్గరికి కరీంనగర్ పోయింది. ఉంటె నాలుగు తిట్టి ఆపేది. ఇగ అడ్డం చెప్పేటోళ్లు లేరు. ఆదివారం మధ్యాహ్నం తిన్నంక ఎదురింటి మణెమ్మ ఆంటీని పిలిచిన.

"ఆంటీ, ఇవన్నీ జెర మీ ఇంట్ల పెడత. సాయంత్రం తీస్కపోత."

"ఎందుకు బిడ్డా?"

"గెస్టులొస్తున్నరు. ఇల్లు ఫ్రీగ కనబడాలె."

ఆమె నన్నొక తీరుగ చూసింది. బల్లను తనే మోసింది, చిన్నయి నేను మోసిన.

నేనేం తక్కువ తెలివిదాన్నా? పీటలు పంపించక ముందే చాయ్ చేసి ఫ్లాస్కుల పోసిన. కప్పులు, బిస్కిట్లు, మిక్చర్ అన్నీ హాల్ల టీపాయ్ మీద సదిరిన. ఇగ నేను వంటింట్లకు పోయే పనే లేదు. ప్లాన్ చూసి నాకే ముచ్చటేసింది.

నాలుగింటికి వచ్చిన్రు. కవిత, వాళ్లాయన మహేష్, ఆయన సంకల పాప. పాప పేరు ఆద్య. పెద్ద నుదురు, పొట్టి పొట్టి వేళ్లు, నొక్కుల జుట్టు. నన్ను చూసింది. అందరి పిల్లలు నన్ను చూస్తె నోరు తెరుస్తరు. ఈమె తెరవలే. తండ్రి మీద నుంచి దిగి తపతప నడుచుకుంట వచ్చి, నేను వంగంగనే నా మొకం ముట్టుకున్నది. "చాయ్ తాగుదాం" అని అటు తిరిగిన.

చాయ్ తాగుకుంట కవిత మెల్లగ మొదలుపెట్టింది. "మా అత్తమ్మ అంటది మేడం, నేను కడుపుతోటి ఉన్నప్పుడు గ్రహణం నాడు బయటికి పోయిన్నట. అందుకే ఇట్లయిందట."

"పోయిన్రా?"

"ఆఫీసుకు పోయిన."

"గ్రహణానికి వేరే పనేం లేదా కవితా, మీ పాప ఎముకలు కొలుసుకుంట కూసోనీకి? డాక్టర్ ఏం చెప్పిండు?"

"ఏదో జీన్ల మార్పు, దానంతటదే వచ్చింది, మీ ఇద్దరిల ఎవరి తప్పూ లేదు అన్నడు."

"మరి అత్తమ్మ మాట ఎందుకు మోస్తున్నవ్? మా అమ్మ, నాన్న సుత మామూలు ఎత్తే. మా అమ్మనైతే బొప్పాయి పండు తిన్నదని ఏండ్లకేండ్లు పీక్క తిన్నరు. ఆ బొప్పాయికి, నా కాళ్లకు ఏం సంబంధమో ఇప్పటికీ నాకు తెల్వది. పాపం, మా అమ్మ ఇప్పటికీ బొప్పాయి ముట్టదు."

మహేష్ చాయ్ కప్పు కింద పెట్టిండు. "మా ఫ్రెండ్ కొడుకు ఇట్లనే పెరగకపోతె ఇంజక్షన్లు ఇచ్చిన్రట మేడం. మంచిగ పెరిగిండట" అన్నడు. ఆ మాటల ఆశ వినబడుతున్నది.

"ఆ బాబుకు హార్మోన్ తక్కువున్నదేమో. ఒకరికి థైరాయిడ్ వల్ల ఆగుతది. ఒకరికి తిన్నది ఒంటికి పట్టక ఆగుతది. ఇంకొకరి ఇంట్ల అందరూ పొట్టే ఉంటరు. చూడనీకి అందరం పొట్టే, కారణాలు మాత్రం వేరేవేరే. ఆ బాబు మందు మనకు పని చెయ్యదు. మనసోంటోళ్లకు సుత కొత్త మందులు వచ్చినయంటున్నరు, అది మీ డాక్టర్నే అడగున్రి. చెవులు, నిద్రల ఊపిరి, వెన్నెముక, ఇవి మాత్రం చూపిచ్చుకుంటనే ఉండాలె. నడుం నొప్పితోటి నేనెంత పరేషానైతున్ననో నాకే ఎరుక."

"మనసోంటోళ్లు" అన్ననని నాకు తర్వాత యాదికొచ్చింది. వాళ్లేం అనుకోలే. మహేష్ తల ఊపిండు.

కవిత బాత్రూం ఎక్కడ అని అడిగి పోయింది. వచ్చినంక ఆమె మొకం ఇంక వాడిపోయినట్టు కనబడ్డది. నాకర్థం కాలే. నేనేమో ఇంక జోరు పెంచిన. "చూడు కవితా, నాకు ఎవ్వరి అవసరం లేదు. వంట నేనే, బట్టలు నేనే, ఆఫీసుకు బస్సుల నేనే. అందరికెట్లనో నాకూ అట్లనే!" నేను ఒక్కో మాట చెప్తుంటె ఆమె ఒక్కో ఇంచు సోఫాలకు కుంగిపోతున్నది. ధైర్యం చెప్తుంటె ఈమె గిట్ల అయితున్నదేందబ్బా అనుకున్న.

గప్పుడు పాప ఏడుపు షురూ చేసింది. ఆకలి. కవిత సంచిల వెతికి, "బాటిల్ కార్లనో ఇంట్లనో మరిచిన్నట్టున్న. మేడం, జెర పాలు వేడి చేస్తరా?" అన్నది.

పాలు! నా ప్లాన్ల పాలు లేవు!

"అయ్యో, దాందేముంది! మీరు కూసోండ్రి!" అని లేచిన. కవిత "నేనొస్త మేడం" అన్నది. "వద్దొద్దు! గెస్టులు మీరు!" అని దాదాపు అరిచిన. వంటింటి కర్టెన్ గుంజి లోపలికి పోయిన.

బల్ల లేదు. గట్టు నా గడ్డం దాక ఉన్నది. స్టవ్వు గట్టు మీద లోపలికి, గోడ దిక్కు. కారిడార్ల పడే వంటింటి తలుపు తీసి ఎదురింటికి పోదామని చూస్తె ఆంటీ తలుపుకు తాళం. మార్కెట్‌కు పోయింది. నా పీటలన్నీ లోపల భద్రంగ ఉన్నయ్. నేను బయట.

హాల్ల పాప ఏడుపు పెరుగుతున్నది. చుట్టు చూసిన. మూలకు బియ్యం డబ్బా, ప్లాస్టిక్‌ది, మూత గట్టిగనే ఉన్నట్టు కనబడ్డది. గుంజుకొచ్చి గట్టు ముందట పెట్టి ఎక్కిన. మూత ఆగింది. వాహ్! ఫ్రిజ్‌లకెల్లి తీసిన పాలు గిన్నెల పోసిన. గిన్నెను స్టవ్వు మీద పెట్టాలంటె జెర ముందుకు వంగాలె. వంగిన.

మూత టప్పుమన్నది.

మీకైతే కాలు మోకాలి దాకనే పోతుండె. నాకు తొడ దాక పోయింది, రెండో కాలు జారి గచ్చుకు ఆనింది. చేతుల గిన్నె అట్లనే పైకి లేచి నెత్తి మీద బోర్ల పడ్డది. నయం, స్టవ్వు ముట్టియ్యలే, పాలు ఐసు లెక్క ఉన్నయ్. గిన్నె గచ్చు మీద పడి గిరగిర తిరుగుతనే ఉన్నది, ఆగదే!

కర్టెన్ జరిగింది. ముగ్గురు నిలబడ్డరు. ఆద్య ఏడుపు ఠక్కున ఆగింది.

మహేష్ గబగబ ముందటికొచ్చి రెండు చేతులు చాపిండు. నేను వెనక్కు ఒదిగిన. ఎందుకంటె, ఎవరైనా నాకు సాయం చెయ్యాలంటె చిన్నపిల్లను ఎత్తినట్టు చంకలకింద చేతులేసి ఎత్తుతరు. బస్సుల ఎత్తిన్రు, గుళ్లె ఎత్తిన్రు, ఒక పెండ్లిల అయితే స్టేజీ మీదికి నన్నడగకుండనే ఎత్తిన్రు. నలభై ఏండ్ల ఆడమనిషిని! మహేష్ చేతులు మధ్యల ఆగినయ్. వెనక్కు తీసుకున్నడు. "మేడం, ఎట్ల హెల్ప్ చెయ్యాల్నో చెప్పున్రి" అన్నడు.

"డబ్బా గట్టిగ పట్టుకోండ్రి. నేనే లేస్త" అన్న. పట్టుకున్నడు. గట్టు అంచు పట్టుకొని కాలు బయటికి గుంజుకున్న. కాలితోటి సేరు బియ్యం సుత వచ్చినయ్.

"ఎక్కనీకి పీట లేదా మేడం?" అన్నడు.

ఇగ ఏం దాస్త? "ఉన్నయ్. మస్తున్నయ్. ఎదురింట్ల దాచిన" అన్న.

"ఎందుకు?"

"మీరు చూస్తె బాధపడ్తరని."

కవిత గచ్చు మీద కూసుండిపోయింది. మొదలు నవ్వింది. పడీ పడీ నవ్వింది. నవ్వుకుంట నవ్వుకుంట ఏడ్చింది. "నేను అవి చూడనీకే వచ్చిన మేడం! వచ్చినప్పటి నుంచి వెతుకుతున్న. బాత్రూంకు సుత అందుకే పోయిన, ఏం పెట్టుకున్నరో చూద్దామని. అక్కడ ఏం లేదు. మీరేమో ఏ తక్లీఫ్ లేదంటున్నరు. ఈమె ఏ ఆసరా లేకుండ ఇంత చేస్తున్నది, నా బిడ్డకు ఇంత గట్టితనం యాడికెల్లి రావాలె, రాకపోతె దాని గతేందని... నాకు భయమైంది."

నేను పాలు కారుకుంట నిలబడ్డ. ధైర్యం చెప్తున్ననుకొని, గంట నుంచి ఆ పిల్లను భయపెట్టుకుంట కూసున్న నేను. మెల్లగ పోయి ఆమె పక్కన కూసున్న. గచ్చు మీద కూసుంటె ఇద్దరం ఒక్కటే ఎత్తు.

"నాకు తక్లీఫ్ మస్తున్నది కవితా" అన్న. "ఏటీఎంల స్క్రీన్ కనబడదు. బస్సు మెట్టు నా నడుం దాక ఉంటది. కొన్న ప్రతి డ్రెస్సు చేతులు కత్తిరియ్యాలె. దారింట పోతుంటె అడగకుండ సెల్ఫీలు దిగుతరు. కొన్ని రోజులైతే ఇంటికొచ్చి తలుపేస్కొని ఏడుస్త. మళ్ల మొకం కడుక్కొని వంట చేసుకుంట, బల్ల మీద నిలబడి."

"నేను అది వినాలె అక్కా" అన్నది. మేడం పోయి అక్క వచ్చింది.

అప్పుడే లిఫ్టు చప్పుడు. మణెమ్మ ఆంటీ కూరగాయల సంచులతోటి దిగి, తెరిచిన తలుపులకెల్లి నా అవతారం చూసి, "ఓ యవ్వ, గిదేం పాల తానం?" అన్నది. తర్వాత మా హాల్ల ఊరేగింపే. ముందట బల్ల, వెనక పీటలు, ఆఖరుకు కొక్కెం కట్టె. కవిత ఒక్కోదానికి ఫోన్ల ఫొటో తీసింది, మహేష్ జానలతోటి కొలిచిండు. ఆద్య ఆ గలాటల ఎవ్వరు చూడకముందే రెండు మెట్ల పీట ఎక్కి పైన నిలబడి, పీటల మీద వంగిన మమ్ములందరిని కిందికి చూసి చప్పట్లు కొట్టింది. పాలు మాత్రం కవితనే వేడి చేసింది.

పోయిన ఆదివారం వాళ్ల ఇంటికి పిలిచిన్రు. నేరేడ్‌మెట్ పోయిన. కట్టె పని చేసే వడ్లాయనతోటి పాపకు మంచి పీట చేయించిన్రు, నున్నగ, పచ్చ రంగు. నేను సోఫాల కూసోంగనే కవిత ఉరికొచ్చి ఆ పీట నా కాళ్ల కింద పెట్టింది. "మీకు కాళ్లు కింద ఆనవు కదా అక్కా. ఊరికె వేలాడితె నడుం గుంజుతదని డాక్టర్ చెప్పిండు" అన్నది. నేను ఎవరింటికి పోయినా నా కాళ్ల కింద ఏదన్న పెట్టాలని ఇంతవరకు ఎవ్వరికి తట్టలే. అడగాలని నాకు సుత తట్టలే. కాళ్లు పీటకు ఆనించి, ఈపు వెనకకు ఆనించి, ఆరాంగ చాయ్ కప్పు పట్టుకొని, ఆమెకు ఇంక ఏమేం సలహాలియ్యాల్నా అని ఆలోచిస్తున్న.

ఆద్య వచ్చింది. పీట చూసింది. నా కాళ్లు చూసింది. నా కాళ్లను ఒకటెనక ఒకటి ఎత్తి పక్కకు పడేసింది. "నాది!" అన్నది. పీట ఈడ్చుకుంట పోయింది.

"ఆద్యా! పెద్దమ్మకియ్యి!" అని కవిత అరుస్తనే ఉన్నది. యాడ ఇస్తది? బతుకు పాఠాలు చెప్పనీకి పోయిన పెద్దమనిషిని, రెండేండ్ల పిల్ల చేతిల ఓడిపోయి, సోఫా మీద కాళ్లు ఊపుకుంట చాయ్ తాగి ఇంటికొచ్చిన!