గడియారం సిస్టర్ అరచెయ్యి

ప్రసూతి వార్డులో ఆవిణ్ణి అందరూ గడియారం సిస్టర్ అంటారు. యూనిఫాం మీద తలకిందులుగా వేలాడే గడియారం, పొట్ట మీద ఆనించే అరచెయ్యి: ఇరవై ఆరేళ్ళుగా ఆవిడ సరంజామా అంతే. నోరు మాత్రం ఊరుకోదు. కంగారుపడే మొగుళ్ళనీ, తొందరపడే డాక్టర్లనీ ఒకే గొంతుతో కసురుతుంది.

ఆ ఉదయం చేరిన టైలరమ్మకి నలభై రెండేళ్ళు, తొలి కాన్పు. మనిషి బాగా లావు. "ఈ వయసులోనా, ఈ ఒంటితోనా" అన్న మాట తొమ్మిది నెలలుగా వినీ వినీ విసిగిపోయింది. కోత లేకుండా బిడ్డని కనాలన్నదొక్కటే ఆమె ఆశ.

మధ్యాహ్నం చిన్న డాక్టరమ్మ, నొప్పుల్ని గీతగా గీసే మిషను కాగితం చూసి పెదవి విరిచింది. గీత చదునుగా ఉంది.

"నొప్పులే రావట్లేదు. డ్రిప్పులో నొప్పులు తెచ్చే మందు పెంచుదాం. దానికీ లొంగకపోతే ఆపరేషనే."

టైలరమ్మకి కళ్ళనీళ్ళు తిరిగాయి. "నాకు తెలుస్తున్నాయి కదమ్మా నొప్పులు!"

సిస్టర్ ఆమె పొట్ట మీద చెయ్యి ఆనించింది. మెత్తటి కొవ్వు కింద, లోతుగా, గర్భసంచి బిగుసుకుంది. మళ్ళీ సడలింది. పది నిమిషాల్లో నాలుగుసార్లు.

"రాకేం డాక్టరమ్మా, చక్కగా వస్తున్నాయి. ఇప్పుడు మందు పెంచితే లోపల బిడ్డకి ఊపిరాడదు. మీ మిషనే కొవ్వు మీద పడుకుని కునుకు తీస్తోంది. పొట్టకి కట్టిన దాని బెల్టు జారింది చూడండి."

టైలరమ్మ ఆ బెల్టుని వేళ్ళతో కొలిచింది. "జారదా మరి? నా కొలతకి జానెడు తక్కువ."

డాక్టరమ్మ తనూ చెయ్యి పెట్టి చూసింది. మొహం ఎర్రబడింది, ఆ వెంటనే నవ్వేసింది. "నిజమే సిస్టర్. బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటోంది. ఆగుదాం."

"వయసూ బరువూ ఉన్నప్పుడు గర్భసంచి నిదానంగా పనిచేస్తుందమ్మా. పని మానేసిందనుకుంటే ఎలా?" అంది సిస్టర్.

నిజంగానే నిదానమైంది. సిస్టర్ టీ రెండుసార్లు చల్లారిపోయింది. ఎండ కిటికీ దిగేవేళకి పాప పుట్టింది, వార్డు దద్దరిల్లేలా ఏడుస్తూ. టైలరమ్మ నవ్వుతూ ఏడ్చింది. సిస్టర్‌కీ కళ్ళు చెమర్చాయి గానీ, గడియారం తుడుస్తున్నట్టు నటించింది.

రెండు నెలల తర్వాత టైలరమ్మ పాపనెత్తుకుని వచ్చింది. సంచీలో ఆరు బెల్టులు, పొడుగ్గా, గట్టి కుట్టుతో.

"నాలాంటివాళ్ళు ఇంకా వస్తారుగా సిస్టర్. నొప్పి ఉన్నా లేదంటారేమోనన్న భయం వాళ్ళకి ఉండకూడదు."

గడియారం సిస్టర్ ఒకటి తీసి, ముందు తన నడుముకే చుట్టుకుంది. సరిగ్గా సరిపోయింది.