గుడ్ల బల్ల

బేకరీలో పిండి కలిపే మిషను ఆమె ఎడమచేతిని లాగేసుకున్నప్పుడు ఆమెకు ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. ఒక్క అరుపు అరిచింది. ఆ తర్వాతివన్నీ ఎవరో చెబితే తెలిసినవే. ఓవెన్ దగ్గర పనిచేసే అతను పరిగెత్తుకొచ్చి స్విచ్ ఆపాడు. యజమాని ఒంటిమీది చొక్కా విప్పి చేతికి చుట్టాడు. గుడ్లు కొట్టే బాబాయ్ ఆమె తలను ఒళ్లో పెట్టుకుని, "కళ్లు మూయకు తల్లీ, నాతో మాట్లాడు" అంటూ ఆస్పత్రి వచ్చేదాకా ఏవేవో కబుర్లు చెబుతూనే ఉన్నాడు. డాక్టర్లు మణికట్టు పైదాకా తీసేయాల్సి వచ్చింది.

అంతకుముందు బేకరీలో అందరూ ఆమెను 'గలగల' అని పిలిచేవారు. ఆమె ఉంటే రేడియో అక్కర్లేదనేవారు. తిరిగి పనిలోకి వచ్చాక ఆ పేరుతో ఎవరూ పిలవలేదు. ఎలా పిలుస్తారు, ఆ మనిషి నోరు తెరిస్తే కదా!

ఇంట్లో తల్లీ కూతురూ ఇద్దరే. రోజూ పొద్దున్నే తల్లి ఆమెకు జడ వేసేది. చిన్నప్పుడు కుదురుగా కూర్చోవే అని వీపు మీద ఒకటిచ్చిన మనిషే, ఇప్పుడు దువ్వెన చిక్కు తగిలితే చాలు "నొప్పెట్టిందా అమ్మా" అని అడిగేది. ఆ అడగడం భరించలేక ఆమె ఒకరోజు కత్తెర తీసుకుని జుట్టు మెడ దాకా కత్తిరించేసుకుంది. తల్లి నేల మీద పడ్డ జుట్టు ఊడ్చి, వంటింట్లోకి వెళ్లి చాలాసేపటికి గాని బయటికి రాలేదు.

యజమాని చెడ్డవాడు కాదు. ఆమెను కేకు డబ్బాలు మడిచే పనిలో పెట్టాడు. అట్ట డబ్బా మడవాలంటే రెండు చేతులు కావాలని పాపం ఆయనకు తట్టినట్టు లేదు. ఆమె గడ్డంతో అదిమిపట్టి ఒక వైపు మడిస్తే రెండో వైపు విచ్చుకునేది. పక్కనున్న అమ్మాయి తన వంతు ముగించుకుని, మాట్లాడకుండా ఆమె వంతు కూడా లాక్కుని మడిచేసేది. తిట్టినా బాగుండేదనిపించేది ఆమెకు. ఇక రేపటి నుంచి రానని చెప్పేద్దామని చెప్పులేసుకుంటుంటే బాబాయ్ పిలిచాడు.

బాబాయ్ అనడమే గాని ఆయన అసలు ఎవరికి బాబాయో ఎవరికీ తెలియదు. యజమానికీ బాబాయే, యజమాని పిల్లలకీ బాబాయే. కుడిచేత్తో ఒకటి, ఎడమచేత్తో ఒకటి, జంటగా గుడ్లు కొట్టి గిన్నెలో వదులుతూ, కళ్లు ఎక్కడో పెట్టి కథలు చెప్పేవాడు.

"నాకు రెండు చేతులు ఎందుకున్నాయో తెలుసా? తొందరపాటు ఎక్కువ కాబట్టి. ఈ పనికి ఒక్క చెయ్యి చాలు. రేపు నా బల్ల దగ్గరికి రా."

"నా వల్ల కాదు బాబాయ్."

"కాదని గుడ్డు చెప్పాలి. నువ్వెవరు చెప్పడానికి?"

మర్నాడు ఆయన ఆమె చేతికి ముందు గుడ్డు ఇవ్వలేదు. రెండు నిమ్మకాయలు అరచేతిలో పెట్టి, ఒకదాన్ని బొటనవేలూ చూపుడువేలూ మధ్య, రెండోదాన్ని మిగతా వేళ్ల మధ్య పట్టించాడు. "ఇప్పుడు రెండూ కింద పడకుండా విడదియ్యి. వేళ్లకి ఇది వస్తే పెంకు విడదీయడం వచ్చినట్టే." ఆమె ఆ నిమ్మకాయలు ఇంటికి తీసుకెళ్లింది. అన్నం తింటున్నప్పుడు తప్ప వాటిని వదల్లేదు.

గుడ్ల దాకా వచ్చేసరికి మళ్లీ మొదటికొచ్చింది. మొదటి గుడ్డు గుప్పిట్లోనే చితికిపోయి సొన మోచేతి దాకా కారింది. రెండోదాన్ని మెత్తగా తగిలించింది, చిట్లలేదు. మూడోదాన్ని గిన్నె అంచుకు కొట్టింది, పెంకు ముక్కలన్నీ లోపలికే పడ్డాయి.

"అంచుకి వద్దు. బల్ల మీద కొట్టు. ఒక్కటే దెబ్బ. భయపడుతూ కొడితే నీకూ బాధ, దానికీ బాధ."

ఆమెకు ఏడుపొచ్చింది. "ఎన్ని పాడుచేస్తాను బాబాయ్?"

"గుడ్డు పగలడానికే వచ్చింది తల్లీ. నువ్వేం పాపం చేయట్లేదు."

అసలు సంగతి ఇంకొకటుంది. వెనకాల పిండి మిషను ఆన్ చేసినప్పుడల్లా ఆమె వేళ్లు వాటంతటవే బిగుసుకుపోయేవి. చేతిలో గుడ్డు ఉంటే అంతే సంగతులు. ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. బాబాయ్ అడగనూ లేదు. ఒకరోజు వచ్చి చూస్తే బల్ల గోడవైపుకు జరిగి ఉంది. మిషనుకూ ఆమెకూ మధ్యలో బాబాయ్ నిలబడి ఉన్నాడు. మిషను మొదలవగానే గొంతెత్తి ఏదో పాత పాట అందుకున్నాడు. శ్రుతి లేదు, తాళం లేదు. ఓవెన్ అతను చెవులు మూసుకున్నాడు. ఆయన అప్పటి నుంచి ఆ మిషను తిరిగినంతసేపూ పాడేవాడు.

చితికిన గుడ్లన్నీ పనివాళ్ల మధ్యాహ్నం భోజనంలోకి వెళ్లేవి. "ఈవిడ ఇంకొన్నాళ్లు ఇలాగే నేర్చుకుంటే మేం పొదగడం మొదలెడతాం" అన్నాడు ఓవెన్ అతను. ఆమె పక్కున నవ్వింది. ఆస్పత్రి నుంచి వచ్చాక అదే మొదటి నవ్వు. అందరూ ఒక్క క్షణం పని ఆపి చూశారు.

వర్షం పడుతున్న ఒక పొద్దున, అనుకోకుండా, పెంకు రెండు చెక్కలై వేళ్ల మధ్య తలుపులా తెరుచుకుంది. పచ్చసొన చెదరకుండా గిన్నెలోకి జారింది. ఆమె బాబాయ్ వైపు చూసింది. ఆయన చూడలేదు గానీ, "చప్పుడు బాగుంది" అన్నాడు.

చెయ్యి కుదిరాక ఆమె కళ్లు పక్క గిన్నె మీదికి పోవడం మొదలెట్టాయి. బాబాయ్ గిన్నెలో పెంకు ముక్కలు తేలుతున్నాయి. ఆయన చూసుకోవడం లేదు. ఆమె చెంచాతో గుట్టుచప్పుడు కాకుండా తీసేసేది.

"ముక్కలున్నాయా తల్లీ?" అని ఒకసారి అడిగాడు.

"లేవు బాబాయ్."

ఆయన తల ఊపి ఇంకో జంట గుడ్లు అందుకున్నాడు.

వేసవి మొదట్లో ఒక పొద్దున బాబాయ్ రాలేదు. యజమాని వచ్చి బల్ల దగ్గర నిలబడ్డాడు.

"బాబాయ్ మానేశాడమ్మా. కళ్లు ఆనట్లేదుగా. కేకుల్లో పెంకు వస్తోందని జనం ఎప్పటి నుంచో గొడవ. ఈ పనికి వేరే మనిషిని చూస్తానంటే, నిన్నే పెట్టమన్నాడు. నీకు పని వచ్చేదాకా ఉండి వెళ్లిపోతానన్నాడు."

ఆ రోజు ఎలా గడిచిందో ఆమెకు గుర్తులేదు. సాయంత్రం తిన్నగా బాబాయ్ ఇంటికి వెళ్లింది. ఆయన కూతురు ముందు గదిలో బట్టలు కుడుతోంది. వెనక గదిలో కిటికీ పక్కన కుర్చీలో బాబాయ్. అడుగుల చప్పుడుకు తల ఇటు తిప్పాడు గాని, చూపు ఆమె మీద ఆగలేదు.

"మీ నోటి దగ్గర కూడు నేను లాక్కునేలా చేశారు. ఒక్క మాట చెప్పొచ్చుగా!"

"చెబితే నేర్చుకునేదానివా?"

ఆమె కిటికీ దాకా వచ్చి ఆగింది.

"నా కళ్లు ఎలాగూ పోయేవే. నువ్వు నేర్చుకోకపోతే ఇద్దరం ఇంట్లో కూర్చునేవాళ్లం. కోపంగా ఉంటే తిట్టు. ఆ కుర్చీ ఇటు లాక్కుని కూర్చుని తిట్టు."

ఆమె తిట్టలేదు. సెలవు దొరికినప్పుడల్లా వెళ్లేది. ఆయన బేకరీ కబుర్లన్నీ అడిగి చెప్పించుకునేవాడు. చూపు పూర్తిగా పోయాక అడగడం తగ్గించాడు. మెట్ల మీద జారిపడి మంచం పట్టాక అసలు మానేశాడు. ఒక సాయంత్రం ఆమె లేవబోతుంటే మాత్రం చెయ్యి పట్టుకున్నాడు.

"నీ మీద బేకరీ వాసనొస్తోంది. ఇంకాసేపు కూర్చో తల్లీ."

ఆయన పోయారన్న కబురు బేకరీకి పొద్దున్నే వచ్చింది. యజమాని వెళ్లమన్నాడు. అప్పటికి ఓవెన్ కాగి ఉంది, పిండీ చక్కెరా తూచి ఉన్నాయి, ఆమె ముందు గుడ్ల ట్రేలు విప్పి ఉన్నాయి. ఇది ముగించి వెళ్తానంది. మధ్యలో వదిలేస్తే ఆయన ఒప్పుకోడని తనకు తాను చెప్పుకుంది. నిజానికి ఆ గదిలోకి వెళ్లడానికి ఆమెకు కాళ్లు రాలేదు.

వెళ్లేసరికి తీసుకెళ్లిపోయారు. మంచం గోడకు నిలబెట్టి ఉంది. నేల కడిగారు, ఇంకా తడిగానే ఉంది. చివరిచూపు దక్కలేదు.

కూతురు ఆమెను చూసి దగ్గరికొచ్చింది. "నీ కోసం కాసేపు ఆగాం అక్కా. ఎండెక్కుతోందని పెద్దవాళ్లు..." అని ఆగిపోయింది.

"పని మధ్యలో ఉన్నాను" అంది ఆమె. ఆ మాట తన చెవులకే ఏదోలా వినిపించింది.

కూతురు ఆమె చెయ్యి పట్టుకుని గోడ పక్కన కూర్చోబెట్టింది. తనూ పక్కనే కూలబడింది. వీధిలో ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ పోయారు. ఇద్దరూ తడి నేల వైపు చూస్తూ, అది ఆరేదాకా అలాగే కూర్చున్నారు.